ఆ ఆరు అంకెలు ఫోనులోనే ఉండాలా?

జూన్‌లో నా ఫోను తెర పనిచేయడం మానేసింది. మరమ్మతుకు ఇస్తే తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది, ఖాతాల్లోకి వెళ్లడానికి ఫోను యాప్ ఇచ్చే ఆరు అంకెల కోడ్. తెలుగు పదాలను అకారాది క్రమంలో పేర్చే చిన్న పైథాన్ లైబ్రరీని నేను నిర్వహిస్తున్నాను. అందులో ‘క్ష’తో మొదలయ్యే మాటలన్నీ వర్ణమాల చివరకు పోతున్నాయని, నిఘంటువు పనిలో ఉన్న ఒక మిత్రురాలు చెప్పారు. సవరించడానికి అరగంట చాలింది. కానీ దాన్ని పైథాన్ లైబ్రరీలను అందరికీ పంచే పైపీఐ సైటులో పెట్టలేకపోయాను. 2024 జనవరి 1 నుంచి అక్కడ రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు, తప్పనిసరి. కోడ్ ఇచ్చే యాప్ మరమ్మతు దుకాణంలో ఉంది. యాప్ లేనప్పుడు వాడుకోవడానికి ఇచ్చే రికవరీ కోడ్‌ల ఫొటో కూడా ఆ ఫోనులోనే ఉంది.

ఫోను చేతికి వచ్చిన రోజే నిర్ణయించుకున్నాను, ఈ కోడ్‌లు నా కంప్యూటర్‌లోనూ రావాలని. అలా మూడు వారాలు కొన్ని ఓపెన్ సోర్స్ సాధనాలను వాడి చూశాను.

బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో పంపే ఓటీపీ వేరు, ఇది వేరు. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ పంపరు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకునేటప్పుడు చూపించే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య కీ ఉంటుంది. దాని నకలు సర్వర్ దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి ఉంటాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యను ఆ కీతో కలిపి హెచ్‌మ్యాక్ అనే గూఢలిపి లెక్క వేస్తే ఇరువైపులా అవే అంకెలు వస్తాయి. 2011లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6238 అనే సాంకేతిక పత్రం చెప్పేది ఇదే. అందులో సరిచూసుకోవడానికి ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు: ఒకటి నుంచి తొమ్మిది, తరువాత సున్నా, ఈ వరుసను రెండుసార్లు రాస్తే వచ్చే ఇరవై అక్షరాలే కీ, సమయం 59వ సెకను. పైథాన్‌లో పది వరుసల ప్రోగ్రామ్ రాసి నడిపితే 94287082 వచ్చింది (ఆ ఉదాహరణలో కోడ్‌కు ఎనిమిది అంకెలు). పత్రంలో ఉన్నది సరిగ్గా అదే. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కీ, సరైన సమయం చూపే గడియారం ఉంటే చాలు, ఈ లెక్కకు ఫోనుతో పనే లేదు.

మొదట పట్టుకున్నది ఓత్‌టూల్. టెర్మినల్‌లో నడిచే చిన్న కమాండ్. కీ ఇస్తే కోడ్ ఇస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. ‘నౌ’ అనే ఐచ్ఛికంతో మనకు కావలసిన సమయం కూడా ఇవ్వవచ్చు కాబట్టి నా లెక్కను దీనితోనే మరోసారి సరిచూశాను. అయితే కీని కమాండ్‌లోనే టైపు చేస్తే అది టైపు చేసిన కమాండ్‌లను దాచే షెల్ హిస్టరీలో నిలిచిపోతుంది. కమాండ్ నడుస్తున్న ఆ క్షణంలో ప్రాసెస్‌ల జాబితాలోనూ కనిపించవచ్చు. కీని జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ సాధనంతో తాళం వేసిన ఫైలులో ఉంచి, పైపు ద్వారా, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా మరోదానికి పంపి, అందించాలి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. రోజూ పదకొండు ఖాతాలు తెరవాలంటే మాత్రం చేయి నొప్పి పుడుతుంది.

నేను నిలిచిపోయింది కీపాస్‌ఎక్స్‌సీ దగ్గర. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి దీన్ని ఏళ్లుగా వాడుతున్నాను. 2017 నుంచి ఇందులో ఈ కోడ్‌లు కూడా వస్తున్నాయని తెలిసినా పట్టించుకోలేదు. ఎంట్రీలో కీని అతికించి, ఆ తరువాత కంట్రోల్, టీ నొక్కితే కోడ్ క్లిప్‌బోర్డులోకి వస్తుంది, కొన్ని సెకన్లకు తనంతట తానే చెరిగిపోతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చింది, లోపల పెట్టిన కీని మళ్లీ క్యూఆర్ కోడ్‌గా చూపించడం. కొత్త ఫోను కొన్నప్పుడు కంప్యూటర్ తెర నుంచే స్కాన్ చేసుకోవచ్చు. నా పాత ఫోను యాప్ కీలను ఇతర యాప్‌లు నేరుగా చదవగలిగే రూపంలో ఇవ్వలేదు. అందుకని పదకొండు ఖాతాల్లోనూ ధ్రువీకరణ తీసేసి మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది. లోపల పెట్టిన కీని మళ్లీ బయటికి ఇవ్వని సాధనాన్ని ఇక నేను వాడను.

ఇదంతా చెబితే తమ్ముడు వెంటనే అడ్డుపడ్డాడు. “అక్కా, పాస్‌వర్డ్, కోడ్ రెండూ ఒకే ఫైలులో పెడితే రెండో అంచె ఎక్కడుంది? ఆ ఫైలు తెరిచినవాడికి రెండూ దొరికినట్టే కదా.” వాడు చెప్పింది నిజం. కీపాస్‌ఎక్స్‌సీ తయారీదారులు కూడా వేరే ఫైలు, వేరే పాస్‌వర్డ్ వాడమనే సలహా ఇస్తారు. ఇప్పుడు నా దగ్గర రెండు కేడీబీఎక్స్ ఫైళ్లున్నాయి (కీపాస్‌ఎక్స్‌సీ దాచే ఫైళ్లు ఇవే), పాస్‌వర్డ్‌లకు ఒకటి, కోడ్‌లకు ఒకటి. కోడ్‌ల ఫైలును అవసరమైనప్పుడే తెరిచి వెంటనే మూసేస్తాను. ల్యాప్‌టాప్‌లోకే ఎవరైనా చొరబడి కాచుకుని కూర్చుంటే ఇదీ చాలదు. కానీ పాస్‌వర్డ్ ఏదో వెబ్‌సైటు నుంచి బయటపడిన సందర్భంలో, ఎక్కువగా జరిగేది అదే, ఈ ఏర్పాటు నన్ను కాపాడుతుంది.

మిగిలినవాటిలో లినక్స్‌లో నడిచే గ్నోమ్ వారి ఆథెంటికేటర్ చూడముచ్చటగా ఉంది, తెర మీది క్యూఆర్‌ను నేరుగా చదువుతుంది, కానీ నేను విండోస్‌లోనూ పని చేయాలి. టెర్మినల్‌లో నడిచే పాస్‌వర్డ్ సాధనం ‘పాస్’కు ఈ కోడ్‌లిచ్చే ఓటీపీ పొడిగింపు చేర్చి వాడితే టెర్మినల్ అలవాటున్నవారికి హాయిగా ఉంటుంది. అయితే ఫైళ్ల పేర్లకు తాళం ఉండదు, ఏయే సైట్లలో ఖాతాలున్నాయో ఫోల్డరు చూసినవారికి తెలిసిపోతుంది. ఎంటే ఆథ్ ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య కోడ్‌లను తానే సమన్వయం చేస్తుంది. ఆ పేరుకు మలయాళంలో ‘నా’ అని అర్థం. ఫైళ్లు నకలు చేసుకునే ఓపిక లేని మా పిన్నికి నేను పెట్టి ఇచ్చింది అదే.

గడియారం సంగతి కూడా చెప్పాలి. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్, డెబియన్ లినక్స్ రెండూ ఉన్నాయి. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, లినక్స్ యూటీసీ, అంటే మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉండే అంతర్జాతీయ సమయం, అనుకుంటుంది. ఇంట్లో ఇంటర్నెట్ తగలగానే తేడా సరిపోయేది. ఒకరోజు తరగతి చెప్పడానికి వెళ్లినచోట నెట్‌వర్క్‌లో ఎన్‌టీపీని, అంటే ఇంటర్నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసే పద్ధతిని, అడ్డుకున్నారు. మధ్యాహ్నం మూడున్నరకు నా తెర మీద రాత్రి తొమ్మిది. ఐదున్నర గంటల తేడా అంటే 660 కోడ్‌లు ముందుకు పోయినట్టు. ఏ సర్వరూ అంత తేడాను ఒప్పుకోదు, ఒకటి రెండు కోడ్‌ల ఆలస్యాన్నే మన్నిస్తుంది. కీ తప్పు పడిందేమోనని అరగంట వెతికాక గడియారం వైపు చూశాను. ఇప్పుడు విండోస్ కూడా యూటీసీనే వాడేలా మార్చాను.

పోయిన ఆదివారం ఫోను ఆపేసి, ఆ పాత ల్యాప్‌టాప్‌లో కోడ్‌ల ఫైలు తెరిచి, పైపీఐలోకి వెళ్లి కొత్త వెర్షన్ విడుదల చేశాను. ‘క్షమ’, ‘క్షేత్రం’ ఇప్పుడు ‘క్వ’ తరువాత, ‘ఖ’ కంటే ముందు వస్తున్నాయి. మిత్రురాలు సాయంత్రానికల్లా సరిచూసి జవాబు రాశారు.