కొత్తపట్నం నుంచి మైపాడు దాకా, ఊపిరి కోసం పైకి వచ్చే జీవాల వెంట

తిమింగలాల శిలాజాలు చూడాలనుకునేవారు కచ్‌కు వెళ్తారు. నాలుగు కోట్ల ఏళ్లకు పైబడిన రెమింగ్టనోసీటస్, కచ్చిసీటస్ ఎముకలు అక్కడి రాళ్లలో దొరికాయి. ఒంగోలు ప్రాంతంలో పేరున్నవి వేమవరం షేలు రాళ్లు, అంటే బురద గట్టిపడి పొరలుగా ఏర్పడినవి. వాటిలో మొక్కల ఆకుల ముద్రలు, ఆమోనైట్లు అనే అంతరించిపోయిన సముద్ర జీవుల గుల్లలు ఉన్నాయి. అంటే అప్పుడూ ఇక్కడ సముద్రమే. కానీ ఆ రాళ్ల వయసు పది కోట్ల ఏళ్లకు పైనే, తిమింగలం అప్పటికింకా పుట్టనే లేదు. అయినా నేను ఈ తీరానికే వచ్చాను. శిలాజాల గురించి చదివిన విషయాలను ఈనాటి ఎముకల్లో నా కళ్లతో నేను చూడాలనిపించింది.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఒంగోలు నుంచి కొత్తపట్నం చేరేసరికి వేటకు వెళ్లిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వస్తున్నాయి. వలల్లోంచి చేపలు విడదీస్తున్న ఆడవాళ్ల పక్కన కాసేపు కూర్చున్నాను. వాళ్లు పక్కన పడేసినవాటిలోనే నాకు కావలసినవి కనిపించాయి. పీతలు, ఆల్చిప్పలు, ముళ్ల నత్తలు. ఒక ఆల్చిప్పకు పైభాగంలో గుండ్రటి రంధ్రం ఉంది. పైన వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. వేటాడే నత్త నెమ్మదిగా తొలిచి, లోపలి మాంసాన్ని తినేసిన గుర్తు అది. ఇలాంటి రంధ్రాలు శిలాజ గుల్లల మీదా ఉంటాయి. ఎవరు ఎవరిని తిన్నారో కోట్ల ఏళ్ల తర్వాత కూడా చెప్పగలిగిన సాక్ష్యం అది.

ఊరు దాటి దక్షిణంగా నడుస్తుంటే, అలల గీత పైన ఒక వెన్నుపూస కనిపించింది. మధ్యలో గుండ్రటి దిమ్మ, పక్కలకు రెండు పలుచటి రెక్కలు, పైన ఒక ముల్లు. అది తిమింగలాల వర్గానికే చెందిన డాల్ఫిన్‌ది. దిమ్మ చివరన ఉండాల్సిన బిళ్ల ఊడిపోయి, అక్కడ గరుకు గీతలు మిగిలాయి. వయసు వచ్చిన జంతువులో ఆ బిళ్ల దిమ్మతో కలిసిపోతుంది. కాబట్టి ఇది ఇంకా ఎదుగుతున్న జంతువు. డాల్ఫిన్‌కు చట్ట రక్షణ ఉంది, ఎముకను తీసుకోకూడదు. అక్కడే ఉంచి ఫోటోలు తీసుకున్నాను.

వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి చూశారు. "చేప తోక నిలువుగా ఉంటుందమ్మా, పక్కలకు ఆడిస్తుంది. దీని తోక అడ్డంగా ఉంటుంది. పైకీ కిందికీ కొడుతుంది," అన్నారు. పరిణామ శాస్త్రం చెప్పేదీ అదే. పరుగెత్తే కుక్క వెన్ను పైకీ కిందికీ వంగుతుంది. నేల మీద పరుగెత్తిన పూర్వీకుల నుంచి వచ్చిన డాల్ఫిన్, నీళ్లలోనూ వెన్నును అలాగే వంచి ఈదుతుంది.

ఆ పూర్వీకులకు దగ్గరి బంధువు ఒకటి మన దేశపు రాళ్లలోనే దొరికింది. జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన శిలాజాల్లో ఇండోహ్యస్ అనే, గిట్టలున్న చిన్న జంతువు ఉంది. ఆయన దాన్ని 1971లో వర్ణించారు. ఆయన పోయాక ఆ రాళ్లు తిమింగలాల శిలాజాలను పరిశోధించే హాన్స్ థెవిసెన్ చేతికి వచ్చాయి. శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె విరిగి చెవి ఎముక బయటపడింది. దాని లోపలి గోడ, తిమింగలాల చెవిలో ఉన్నట్టే, మందంగా ఉంది! 2007లో ఈ విషయం ప్రచురితమైంది. రంగారావు చూడకుండానే వెళ్లిపోయిన ఆ ఫలితం గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. రాళ్లు సేకరించి భద్రపరిచినవారికి మనం ఎంతో రుణపడి ఉన్నాం.

రామాయపట్నం మీదుగా జువ్వలదిన్నె వరకు ప్రయాణం బస్సుల్లోనే గడిచింది. మర్నాడు మైపాడుకు ఉత్తరంగా నడిచిన దారిలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు కనిపించాయి. ఇది వాటి గుడ్ల కాలం. ఒక్కో తాబేలు ఇసుకలో గుంత తీసి వంద దాకా గుడ్లు పెడుతుంది. చచ్చిన ఆ తాబేళ్ల వీపు చిప్పల మీద దెబ్బలేవీ లేవు. తాబేలుకూ డాల్ఫిన్‌కూ ఊపిరితిత్తులే. నేల నుంచి కడలికి వెళ్లినా మొప్పలు రాలేదు, గాలి కోసం పైకి రావలసిందే. గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతాయి.

దీనికి ఉపాయం ఉంది. వలలో ఏటవాలుగా కమ్ముల చట్రం బిగిస్తారు. చేపలు, రొయ్యలు కమ్ముల సందుల్లోంచి వెనక్కి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. దీని గురించి ఒక మరబోటు సరంగును అడిగాను. "చేప కూడా జారిపోతే డీజిలు ఖర్చు ఎవరిస్తారమ్మా?" అన్నారు. ఆయన భయం నిజమైనదే, దానికి జవాబు ప్రభుత్వమే చెప్పాలి. చట్రం ఉచితంగా ఇవ్వాలి, తగ్గిన రాబడికి పరిహారం కట్టాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నా, తాబేళ్లు ఒడ్డుకు వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు అందులో లేవు.