బీటా సైట్ల జాతకాలు రాసిపెట్టుకున్న నా షీటు

2006లో ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్‌లో ఉండేవాణ్ణి. ఆఫీసు నుంచి రాగానే కింద నెట్ సెంటర్‌లో ఓ గంట కూర్చోవడం అలవాటు. ఆ గంటలో నేను చేసేది ఒకటే పని, కొత్తగా ఏ సైటు మొదలైందో చూసి అందులో చేరిపోవడం. అప్పట్లో ఏ సైటుకెళ్లినా లోగో పక్కన చిన్న అక్షరాల్లో ‘బీటా’ అని, అంటే ఇంకా పరీక్షించి చూస్తున్నామని, ఉండేది. జీమెయిల్‌కే ఆ మాట 2004 ఏప్రిల్ 1 నుంచి 2009 జులై 7 దాకా, అంటే ఐదేళ్లకు పైగా ఉంది. మెయిళ్లు దాచుకోవడానికి హాట్‌మెయిల్ 2 ఎంబీ ఇస్తున్న రోజుల్లో 1 జీబీ ఇస్తామన్న సర్వీసు అది, అందులో చేరడానికి కావాల్సిన ఇన్వైట్ కోసం ఎంతమందిని బతిమాలానో.

అన్నిట్లో చేరిపోతూ ఉంటే ఎక్కడ చేరానో నాకే గుర్తుండేది కాదు. అందుకే ఒక ఎక్సెల్ షీటు పెట్టాను. సైటు పేరు, ఏం చేస్తుంది, నేను చేరిన తేదీ, చివర్లో ‘ఏమైంది’ అని ఒక గడి. అప్పుడు ఆ చివరి గడి నిండా ఖాళీయే. ఇప్పుడది వందకు పైగా వరుసల షీటు, చివరి గడి ఖాళీగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదట్లో ఆ గడిలో రెండే మాటలు రాసేవాణ్ణి, ‘ఉంది’ అనో ‘పోయింది’ అనో. రెండేళ్లకే అది సరిపోదని అర్థమైంది. ఎందుకంటే చాలా సైట్ల విషయంలో జరిగేది ఈ రెండూ కాదు, పెద్ద కంపెనీ కొనేస్తుంది. కొన్న రోజున అందరం సంబరపడతాం, మనం ముందే కనిపెట్టామని గొప్పగా చెప్పుకుంటాం. ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది.

డాడ్జ్‌బాల్ తీసుకోండి. ఎక్కడున్నామో ఎస్సెమ్మెస్ పంపితే చుట్టుపక్కల ఉన్న స్నేహితులకు తెలిసే సర్వీసు. 2005లో గూగుల్ కొంది. రెండేళ్లు చూసి, గూగుల్ తమకు మనుషుల్ని ఇవ్వట్లేదని పెట్టినవాళ్లే 2007లో బయటికొచ్చేశారు. 2009లో మూసేశారు. అదే ఏడాది, దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన డెన్నిస్ క్రౌలీ దాదాపు అదే ఆలోచనతో ఫోర్‌స్క్వేర్ మొదలుపెట్టాడు. అంటే ఆలోచనలో లోపం లేదు, కొన్న ఇంట్లో దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. అంతే.

నేను ఎక్కువ రోజులు వెంబడించింది మాత్రం డెలీషియస్ వరుసనే. జాషువా షాక్టర్ అనే ఆయన మోర్గన్ స్టాన్లీలో ఉద్యోగం చేస్తూ 2003లో పెట్టిన సైటు. మనకు నచ్చిన లింకులు దాచుకుని, వాటికి మనకు తోచిన ట్యాగులు, అంటే గుర్తు మాటలు, పెట్టుకోవచ్చు. ఇంకెవరు ఆ లింకు దాచుకున్నారో కూడా కనపడేది. వెబ్ పేజీలు తయారుచేసే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ నేను సగం అక్కడే, ముక్కూ మొహం తెలియనివాళ్లు దాచిన లింకుల్లోనే నేర్చుకున్నాను. 2005 డిసెంబర్లో యాహూ కొంది. 2008లో షాక్టర్ వెళ్లిపోయాడు. 2010 డిసెంబర్లో యాహూ లోపలి స్లైడు ఒకటి బయటికి పొక్కింది, అందులో మూసేయబోయే వాటి కింద డెలీషియస్ పేరుంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, నా లింకులన్నీ ఎక్స్‌పోర్ట్ చేసుకుంటూ, అంటే నా కంప్యూటర్లోకి దించుకుంటూ కూర్చున్నాను. తర్వాత యాహూ దాన్ని యూట్యూబ్ వ్యవస్థాపకులకు అమ్మింది, వాళ్ల నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి. చేతులు మారిన ప్రతిసారీ సైటు రూపు మారింది, మనుషులు తగ్గారు.

2017లో డెలీషియస్‌ను పిన్‌బోర్డ్ 35,000 డాలర్లకు కొంది. పిన్‌బోర్డ్ అంటే మాచెయ్ సెగ్లోవ్‌స్కీ 2009లో మొదలుపెట్టి దాదాపు ఒంటిచేత్తో నడిపిన, ఇలాగే లింకులు దాచుకునే సైటు. మొదటి రోజుల నుంచే చేరడానికి డబ్బులు తీసుకున్నాడు, చేరే ప్రతి మనిషితో ఆ రుసుం కొంచెం కొంచెం పెరిగేది. నేను 2009లో ఆ సైటు చూసి, ఉచితంగా దొరికేదానికి డబ్బులెవరిస్తారులే అనుకుని షీటులో కూడా ఎక్కించలేదు. స్లైడు పొక్కిన వారంలోనే దానికి జనం పోటెత్తారు. అప్పటి నుంచి షీటులో ఇంకో గడి చేర్చాను, ‘జీతాలకు డబ్బులు ఎక్కణ్ణుంచి’ అని. ఏ సైటైనా సరే, ఇప్పుడు నేను ముందు నింపేది ఆ గడినే.

ఆ గడి బాగా నిండిన వరుసల్లో మన వాళ్లదీ ఒకటుంది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, 2005 దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరక్క, ఇద్దరు స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టాడు. ట్రావెల్స్ ఆఫీసు ముందు పండగ రద్దీలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఆ అవసరం తెలుసు. అమ్మిన ప్రతి టికెట్ మీద కమీషన్ వస్తుంది కాబట్టి మొదటి నుంచీ లెక్క సూటిగా ఉంది. 2013లో ఐబిబో అనే కంపెనీ కొంది, అయినా మూతపడలేదు. ‘కొన్నారు, బతికింది’ అని రాయగలిగిన వరుసలు నా షీటులో చాలా తక్కువ, ఇది రాసిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

డబ్బుల సంగతి అలా ఉంచితే, కొన్ని ఒక్క రాత్రిలో పోయాయి. డెలీషియస్ లాంటిదే మాగ్నోలియా అనే సైటు ఉండేది, చూడ్డానికి ఇంకా అందంగా ఉండేది. 2009 జనవరి 30న దాని డేటాబేసు పాడైంది, దాదాపు అర టెరాబైటు. బ్యాకప్ ఉంది కానీ పాడైన ఫైళ్లే బ్యాకప్‌లోకీ కాపీ అయ్యాయి. జనం దాచుకున్నవన్నీ పోయాయి, గూగుల్ లాంటివాటి కాష్‌లో, అంటే అవి దాచుకున్న నకళ్లలో, మిగిలినవేవో కొందరికి దొరికాయి. నాకూ ఇలాంటిది ఒకసారి జరిగింది. ఒక చిన్న ఫొటోల సైటులో (పేరు వద్దు) మా తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు పెట్టాను. మూసేస్తున్నామని మెయిల్ పంపారట, అది నేను వాడ్డం మానేసిన పాత అడ్రసుకు వెళ్లింది. నేను చూసేటప్పటికి ఆ డొమైన్‌లో ఏవో ప్రకటనలు ఉన్నాయి. తాతయ్య ఇప్పుడు లేరు. నాకు ఈ షీటు సరదా నుంచి పనిగా మారింది అప్పుడే.

ఇన్నేళ్లలో సైటు ప్రాణం పోతుంటే ముందే కనపడే గుర్తులు కొన్ని పట్టుకున్నాను. మొదట వాళ్లు కొత్త సంగతులు చెప్పే పేజీలో రాతలు తగ్గుతాయి, నెలకు నాలుగు ఉండేవి ఒకటవుతాయి, ఆ ఒక్కటీ పండగ శుభాకాంక్షలే. కొత్త సంవత్సరం వచ్చినా అడుగున కాపీరైట్ పక్కన అంకె మారదు. పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే మెయిల్ రాదు. సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు దాటిపోయి బ్రౌజరు హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కనపడిందంటే ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరనే. ఆ దశలో ఎక్స్‌పోర్ట్ బటన్ పనిచేస్తుంటే అదృష్టమే. పోయిన సైటు తేదీలు రూఢి చేసుకోవడానికి, పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ చూస్తాను. ఒక రోజు పేజీ మామూలుగా ఉంటుంది, నెల తర్వాతి పేజీలో ‘మీ అందరికీ కృతజ్ఞతలు’ అని వీడ్కోలు ఉత్తరం, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా రాసినవాళ్ల మీద జాలేస్తుంది, రాత్రుళ్లు నిద్ర మాని కట్టుకున్నది కదా.

మొన్న ఆదివారం షీటు మొత్తం పైనుంచి కిందికి మళ్లీ తనిఖీ చేశాను. ఓపెన్ కానివి ఇంకో రెండు దొరికాయి, వాటి ఎదురుగా తేదీ వేశాను. కిందికొస్తుంటే 2006 నాటి వరుస ఒకటి తగిలింది: లేఖిని. వీవెన్ గారు చేసి పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు అవుతుంది, లెక్కంతా మన బ్రౌజర్లోనే జరుగుతుంది. ఈ పోస్టులో మొదటి పేరా అందులోనే టైపు చేశాను. ‘ఏమైంది’ గడి ఖాళీగానే వదిలేశాను.