పది సెంట్ల వజ్రం

అమ్మ ముక్కుపుడకలో రాయి ఊడిపోయి నెల దాటింది. వాకిలంతా వెతికాం, దొరకలేదు. ఇవాళ కుదిరి ఇద్దరం బస్సెక్కి అమలాపురం వెళ్ళాం.

కొట్లో అబ్బాయి కాగితం పొట్లం విప్పి, "పది సెంట్లండి" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. మాకు సెంట్లంటే నేలే. పంపకాల్లో వచ్చిన కొబ్బరితోట పద్దెనిమిది సెంట్లని ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "ఎకరానికి వంద సెంట్లు కదమ్మా, క్యారెట్‌కీ అంతే" అన్నాను. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. పది సెంట్లంటే 20, దాదాపు ఒక బియ్యపు గింజ బరువు. అరచేతిలో వేయించుకుని చూసింది. చేతిలో ఉన్నట్టే లేదంది.

చీటీ మీద 18 క్యారెట్ అని కూడా ఉంది. అది బంగారానిది, 24 పాళ్ళలో 18 పాళ్ళు బంగారమని. బరువుకీ నాణ్యతకీ మనం ఒకే మాట వాడటం వల్లే ఎంతోమంది తికమక పడతారు.

తర్వాత అతను వీవీఎస్, ఎస్ఐ అంటూ మొదలుపెట్టాడు. అమ్మ ఆపేసి, "కాకిపాదం లేదు కదా బాబూ?" అంది. అతనికి అర్థం కాలేదు. లోపలి పగులు కాకి కాలిగుర్తులా కనిపిస్తే మన పాతవాళ్ళు ఆ మాటే అనేవారు, రత్నశాస్త్రాల్లోనూ ఉంది. ఇప్పటివాళ్ళు అడిగేదీ అదే, లోపల ఏముందని. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో నిపుణుడికి కూడా కష్టం మీద కనిపిస్తే వీవీఎస్, తేలిగ్గా కనిపిస్తే ఎస్ఐ. అమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. ఓ అంచున సన్నటి తెల్లగీత. భూతద్దం తీస్తే ఏమీ లేదు. ముక్కుకి ఎస్ఐ చాలని నా ఉద్దేశం. మెరుపు ముఖ్యంగా సానలో ఉంటుంది, ఆ డబ్బు మంచి సానకి పెట్టాలి. అమ్మ సరేనంది.

ల్యాబ్‌లో పెంచిన రాయి కూడా చూపించాడు. అమెరికన్ డైమండ్ కాదు, ఇదీ అసలు వజ్రమే, కర్బనమే. అమ్మ మనసు ఒప్పుకోలేదు, నేను బలవంతం చెయ్యలేదు.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ రవ్వల దుద్దులు ఎన్ని సెంట్లో" అంది. 1996 తుఫానుకి తోటంతా పడిపోయాక, మళ్ళీ మొక్కలు వెయ్యడానికి అమ్మేశారు. ఏడేసి రాళ్ళు. కొట్టువాడు చెప్పిన ధర తీసుకుని వచ్చేశారట. సెంట్లెన్నని అడగాలని ఇంట్లో ఎవరికీ తెలీదు.