కరువు మండలమని ప్రకటించాక నాయనతో తిరిగిన ఆరు నెలలు

2023 ఆగస్టు నెలంతా మా చేలో తడి లేదు. 1901 నుంచి దేశంలో ఇంత పొడి ఆగస్టు రాలేదని వాతావరణ శాఖ తర్వాత చెప్పింది. శెనక్కాయ చెట్టు పూత పూసి, కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగాల్సిన రోజులవి. ఎర్రనేల రాయిలా బిగుసుకుపోయింది. ఊడ నేలను తాకుతోంది, లోపలికి పోలేక కొసన నల్లగా మాడిపోతోంది. నాయన ఒక చెట్టు పెరికి నా చేతిలో పెట్టాడు. మూడే కాయలు. ఒకటి నలిపి చూస్తే లోపల పప్పే లేదు.

మాది అనంతపురం జిల్లా. అక్టోబర్ ఆఖరున రాష్ట్ర ప్రభుత్వం ఏడు జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. 80 తీవ్ర కరువు, 23 మధ్యస్థ కరువు. మా మండలం తీవ్రంలో ఉంది. ఆ ఒక్క మాటలోనే చాలా ఉంది: 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం తీవ్ర కరువుకే జాతీయ విపత్తు నిధి సాయం అడగొచ్చు.

ఇక డబ్బులు పడతాయని ఊరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నా. కానీ ప్రకటన వచ్చేది మండలానికి, డబ్బు వచ్చేది ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పేరున్న రైతుకు. సర్వే నంబరు, పంట, విస్తీర్ణం అందులో ఎక్కి ఉండాలి. పంట కనీసం 33 శాతం పోయినట్టు లెక్కల్లో తేలాలి. వర్షాధార పంటకు అప్పట్లో కేంద్రం లెక్క హెక్టారుకు రూ. 8,500, అదీ రెండు హెక్టార్ల వరకే.

రైతు భరోసా కేంద్రం గోడకు సాయం అందే రైతుల జాబితా అంటించారు. అందులో నాయన పేరు లేదు. పంట నమోదైంది గానీ ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో రైతును సరిచూసుకోవడం, కాలేదట. అభ్యంతరం చెప్పుకోవడానికి కొద్ది రోజులే ఉన్నాయి. బెంగళూరులో సెలవు పెట్టి వచ్చేశా. వ్యవసాయ సహాయకురాలు నాయన చేతిని తడిగుడ్డతో తుడిచి, పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి మిషన్ మీద పెట్టించింది. ఒక్కటీ పడలేదు. నలభై ఏళ్లు కలుపు తీసిన వేళ్లు, గీతలెక్కడుంటాయి? "నా చెయ్యి నాదే గాదంటాంది పాపా ఈ మిషను" అన్నాడు నాయన. ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కున్నది ఎప్పుడో పోయిన ఫోన్ నంబరు. టౌన్‌కు పోయి నంబరు మార్పించి, అది ఎక్కేదాకా ఆగి, మళ్లీ వచ్చి పూర్తి చేశాం. అభ్యంతరం మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నా. పేరు ఎక్కడానికి పనికొచ్చింది ఆ సంతకమే.

కౌలు చేను సంగతి మాత్రం ఏమీ చేయలేకపోయాం. మూడెకరాలు. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పదకొండు నెలల కాగితమే, భూమి హక్కు ఎక్కడికీ పోదని ఎంత చెప్పినా ఆయన పెట్టలేదు. విత్తనం మాది, ఎరువు మాది, ఎండింది మా పంట. లెక్కల్లో మాత్రం అక్కడ మేం లేం. రాష్ట్రమంతా ఎంతోమంది కౌలు రైతులుంటే, కరువు సాయం యజమాని సంతకం దగ్గర ఆగిపోవడం అన్యాయం.

అప్పు దగ్గర మాత్రం ప్రకటన నిజంగా ఆదుకుంది. ఏటా పంట రుణం తిరగరాయడానికి నాయన బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, బ్యాంకులో కట్టి, కొత్త రుణం తీసి ఆ బాకీ తీరుస్తాడు. ఆ ఏడు కూడా వడ్డీ వ్యాపారి దగ్గరికి బయల్దేరితే ఆపాను. కరువు మండలమని ప్రకటించిన చోట పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయమని, అంటే కట్టే గడువు పెంచమని, అడగొచ్చు. అప్పటి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో నష్టం 33 నుంచి 50 శాతమైతే రెండేళ్లు, అంతకు మించితే ఐదేళ్ల వరకు గడువుండేది. మొదటి ఏడాది వాయిదా కట్టక్కర్లేకపోయేది. కౌంటర్లో "అట్లాంటిదేం రాలేదు" అన్నారు. అర్జీ రాసి, ప్రకటన ఉత్తర్వు కాపీ, ఈ-క్రాప్ రసీదు జతచేసి మేనేజర్‌కిచ్చాం. మూడోసారి పోయినప్పుడు అయింది.

అప్పట్లో ఉపాధి హామీలో నూరు రోజులకు తోడు మరో యాభై రోజుల పని అడిగే హక్కు కూడా కరువు ప్రకటనతో వచ్చేది. వేసవిలో ఇల్లు గడిచింది ఆ పనికి పోయిన అమ్మ కూలితోనే.

కరువు సాయంగా ఇచ్చే పెట్టుబడి రాయితీ విడుదలైందని 2024 మార్చిలో అన్నారు. ఎన్నికలొచ్చాయి. మే 13న పోలింగ్ అయ్యాక పక్కింటోళ్లకు పడింది, మాకు పడలేదు. నాయన రోజూ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు పోయొచ్చేవాడు. ఆధార్ ఏ ఖాతాకు ముడిపడిందో చూపించమని అడిగితే, ఉపాధి కూలికని ఎప్పుడో తెరిచిన ఖాతా బయటపడింది. డబ్బు అందులో ఉంది.

ఆ డబ్బుతోనే విత్తనకాయలు తెచ్చాడు. కౌలు చేను యజమాని సంతకం కోసం ఈ ఏడు ఇప్పటికే మూడుసార్లు పోయొచ్చాడు.