సొర పళ్ళ జల్లెడలోంచి జారిపోయే టేకు చేపలు

ఫ్లోరిడాలో పీస్ నదికి జల్లెడ పట్టుకుని వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది మెగలొడాన్ అనే అంతరించిపోయిన పెద్ద సొర పన్ను కోసమే వెళ్తారు. అదే గులకలో ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గాడులు తీసినట్టు ఉండే నల్లటి చిన్న ముక్కలు గుప్పెళ్ళకొద్దీ వస్తుంటాయి. రాళ్ళనుకుని వాటిని మళ్ళీ నీళ్ళలోకే విసిరేస్తారు. అవి టేకు చేపల పళ్ళు, అంటే ఇంగ్లీషులో రే అనే చేపలవి. నా దృష్టిలో ఆ నదిలో దాచుకోదగ్గ మొదటి శిలాజం ఇదే. విరివిగా దొరుకుతుంది, ఏ రకం చేపదో చాలావరకు తేల్చుకోవచ్చు, ఆ చేప ఏం తినేదో కూడా చెబుతుంది.

టేకు చేపకు, సొరకు ఎముకలుండవు, ఉండేది మృదులాస్థి. చచ్చాక అది కుళ్ళిపోతుంది. మిగిలేవి పళ్ళు, తోక ముల్లు, చర్మం మీది గట్టి బుడిపెలు, అప్పుడప్పుడు సున్నం పట్టిన వెన్నుపూసలు. గవ్వలు, పీతలు నమిలే టేకు చేపల నోట్లో పళ్ళు విడివిడిగా ఉండవు. పైన ఒకటి, కింద ఒకటి గచ్చు పలకల్లా అతుక్కుని ఉంటాయి. పలక విడిపోతే మనకు దొరికేది ఒక్కో పన్ను.

గుర్తుపట్టాలంటే ముక్కను తిరగేసి చూడాలి. అడుగున వేరు భాగం దువ్వెన పళ్ళలా వరసగా చీలి ఉంటే అది టేకు చేపదే. ఇక ఏ రకమన్నది. మిలియోబాటిస్‌లో మధ్య వరసలో వెడల్పైన, ఆరు భుజాలుండే పళ్ళు, వాటికి అటూ ఇటూ మూడేసి వరసల చిన్న పళ్ళు ఉంటాయి. రైనాప్టెరాలో మధ్య పన్ను వెడల్పు, పక్కలకు వెళ్ళేకొద్దీ క్రమంగా సన్నబడతాయి. ఏటోబాటస్‌లో ఒక్కటే వరస. పై దవడ పన్ను దాదాపు నిటారు కడ్డీ, కింది దవడది బాణపు మొనలా వంగి ఉంటుంది, వేరు కూడా వెనక్కి పొడుచుకొస్తుంది. పక్క వరసల పన్ను ఒక్కటే దొరికితే మిలియోబాటిసో రైనాప్టెరానో తేల్చడం చాలాసార్లు కుదరదు. అప్పుడు ‘మిలియోబాటిస్ లేదా రైనాప్టెరా’ అని రాసి ఆగిపోవడమే నిజాయితీ.

తోక ముల్లు చపటాగా ఉంటుంది, రెండు అంచులా రంపపు పళ్ళు మొదలు వైపు తిరిగి ఉంటాయి. రంపం చేప ముట్టె పన్నుతో దీన్ని కలిపేయకండి. దానికి ఆ రంపపు అంచు ఉండదు, వెనక అంచు పొడవునా గాడి మాత్రం ఉండొచ్చు. అదే గులకలో హెమిప్రిస్టిస్ సొర పళ్ళు, ముళ్ళ కప్ప చేప నోటి పలకలు, సముద్రపు ఆవు పక్కటెముకలు వస్తాయి. బరువుగా, గట్టిగా, లోపల గుల్ల లేకుండా ఉన్న పక్కటెముక దాదాపు ఎప్పుడూ సముద్రపు ఆవుదే.

ఎప్పుడు వెళ్ళాలంటే చలికాలం నడుమ నుంచి మే వరకు. జూన్‌లో వానలు మొదలైతే నది పొంగుతుంది, గులక తిన్నెలు మునిగిపోతాయి. బయల్దేరే ముందు ఆర్కేడియా, జోల్ఫో స్ప్రింగ్స్ దగ్గరున్న నీటిమట్టం కొలతలు ఆన్‌లైన్‌లో చూసుకోండి. టాంపాలో ఉండే తెలుగువాళ్ళకు ఆర్కేడియా ఒక్క రోజులో వెళ్ళి రాగల దూరమే. మొసళ్ళుంటాయి. పిల్లల్ని చేతికందేంత దూరంలోనే ఉంచుకోండి, లోతు నీళ్ళ జోలికి పోకండి.

ఇసుకలో తవ్వితే ఏమీ రాదు. సుమారు నాలుగడుగుల ఇనుప ఊచను నది అడుగున గుచ్చుకుంటూ నడవాలి. ఇసుకలో మెత్తగా దిగుతుంది, గులక తగిలితే గరగరమంటుంది. అక్కడ బంకమన్ను పొర వచ్చేదాకా తవ్వండి. బరువైన శిలాజాలన్నీ ఆ బంకమన్ను పైనే పేరుకుంటాయి, పైనున్న అడుగు మందం గులక తీసి వదిలేసినవాళ్ళు అసలు సరుకును వదిలేసినట్టే. గట్టు మాత్రం తవ్వకూడదు, అది కూలి మీద పడుతుంది, నదికీ నష్టమే.

జల్లెడ దగ్గరే అసలు తేడా. మార్కెట్లో అర అంగుళం కన్నువీ దొరుకుతాయి, వాటిలోంచి టేకు పళ్ళు సగం జారిపోతాయి. పావు అంగుళం గాల్వనైజ్డ్ మెష్‌ను చెక్క చట్రానికి కొట్టి, చుట్టూ నురగ గొట్టాలు కడితే నీటి మీద తేలుతుంది. దాని కింద ఎనిమిదో వంతు అంగుళం జల్లెడ ఇంకొకటి పెట్టుకోండి. పార నిండుగా వేయకండి. సగం పార వేసి, ముందుకూ వెనక్కీ కాకుండా గుండ్రంగా ఊపితే మట్టి త్వరగా పోతుంది, పలకలు ఒరుసుకుని విరగవు.

అనుమతి సంగతి. ఫ్లోరిడాలో ప్రభుత్వ భూముల్లో, నదీ గర్భాల్లో వెన్నెముక జీవుల శిలాజాలు ఏరాలంటే గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఇచ్చే పర్మిట్ కావాలి. సొర పళ్ళకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు టేకు చేపలకూ వర్తిస్తుందని ఊహించుకోకుండా పర్మిట్ తీసుకోండి, నదిలోకి వెంట తీసుకెళ్ళండి. బాణపు మొనల్లాంటి మనుషుల పనిముట్లు ఆ పర్మిట్ కిందికి రావు, ముట్టుకోవద్దు.

పలక మొత్తంగా దొరికితే ఆ సంతోషంలో ఎండలో ఆరబెట్టేస్తారు, చాలా పలకలు పాడయ్యేది ఇక్కడే. పళ్ళ మధ్య పట్టు అంతంతమాత్రం. నీరు గబగబా ఆరితే పైపొర ముందు ముడుచుకుంటుంది, వరసలు విడిపోతాయి. శుభ్రం చేయకముందే పైనుంచీ కిందనుంచీ ఫొటో తీయండి, విడిపోయినా క్రమం తెలుస్తుంది. తడిగుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో నీడలో కొన్ని రోజులపాటు నెమ్మదిగా ఆరనివ్వాలి. ఫ్లోరిడాలోనే ఉన్న వెనిస్ బీచ్ లాంటి చోట సముద్రంలో దొరికినదైతే ముందు మంచినీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ ఉప్పు దించాలి. లేకపోతే లోపల ఉప్పు స్ఫటికాలు పెరిగి పైపొరను పొరలుగా ఊడదీస్తాయి.

పూర్తిగా ఆరాకే గట్టిపరచడం. పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ ప్లాస్టిక్ గుళికలు 5 గ్రాములు 100 మి.లీ. అసిటోన్‌లో కరిగించి కుంచెతో పలచగా రెండు పూతలు వేయండి. విరిగినవి అతకడానికి అదే మందును బాగా చిక్కగా కలుపుకోవాలి. తేమ మిగిలుంటే పూత పాలలా తెల్లబడుతుంది, అసిటోన్‌తో తుడిచి మళ్ళీ వేయొచ్చు. ఇలా వెనక్కి తీసుకోగలగడమే దీని గొప్ప, సూపర్ గ్లూ అంత తేలిగ్గా వదలదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, స్టవ్ ఉన్న గదిలో వద్దు.

అన్నిటికన్నా చిన్నవి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల పళ్ళూ బుడిపెలూ నదిలో కనపడవు. రెండు మూడు కిలోల సన్న గులక ఇంటికి తెచ్చి ఆరబెట్టి, 1 మి.మీ. జల్లెడలో పట్టి, తెల్లటి పళ్ళెంలో కొద్దికొద్దిగా పరిచి 10 రెట్ల భూతద్దంతో చూడాలి. తడి కుంచె కొసకు అవి అంటుకుని వస్తాయి. బంకమట్టి అయితే ముందు పూర్తిగా ఎండబెట్టాలి. ఎండిన మట్టి నీళ్ళలో వేయగానే చితికిపోతుంది, పచ్చిది ఎంత నానినా ముద్దగానే ఉంటుంది. మట్టిని కడిగి జల్లెడపట్టే ఈ పద్ధతి మన నేలకూ కొత్త కాదు. ఆసిఫాబాద్ ప్రాంతంలో దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో ఇగ్డాబాటిస్ అనే క్రెటేషియస్ కాలపు (డైనోసార్ల చివరి కాలం) టేకు చేప పళ్ళు దొరికాయి.

చివరిగా చీటీ. పీస్ నది మయోసీన్, ప్లయోసీన్, ప్లీస్టోసీన్ అనే వేర్వేరు భూయుగాల పొరల్ని కోసి కలిపేస్తుంది. సముద్రపు టేకు పన్ను పక్కనే మంచుయుగపు గుర్రం పన్ను వస్తుంది. కాబట్టి పక్కన దొరికినదాన్ని బట్టి వయసు రాయొద్దు. తేదీ, జీపీఎస్, లోతు, జల్లెడ కన్ను ఎంతో రాయండి. శిలాజం అడుగున పలచటి పారలాయిడ్ పూత, దాని మీద నల్ల సిరాతో నంబరు, ఆరాక పైన ఇంకో పూత. అదే నంబరు పుస్తకంలోనూ ఉండాలి.