మొదటి జీతానికి ముందు నలభై రోజులు

విశాఖపట్నంలో కంచరపాలెం చుట్టుపక్కల మున్సిపల్ బళ్ళలో ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్సు చెప్పి 2024లో రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్న పదకొండు గంటల వేళ మా వీధి ఎలా ఉంటుందో నాకు తెలీదు. రిటైరైన పది రోజులకి రైతు బజారు నించి కూరలు పట్టుకుని వస్తుంటే కల్వర్టు గట్టు మీద అయిదారుగురు కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నన్ను చూసి ఒకడు గబుక్కున లేచి నిలబడ్డాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడే. రికార్డు బుక్కులో బొమ్మలు ఎంత నీటుగా వేసేవాడో నాకింకా గుర్తు.

"ఏం చేస్తున్నావు నాన్నా?" అన్నాను.

"ఖాళీయే టీచర్."

మర్నాడు కూడా అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. ఇంటర్ లెక్కల్లో పోయింది, సప్లీ కట్టలేదు. కొన్నాళ్ళు బండి మీద డెలివరీలు చేశాడు, బండి పడి చెయ్యి విరిగింది, అది మానేశాడు. తర్వాత మూడు చోట్ల చేరాడు. ఒకచోట తొమ్మిది రోజులు, ఇంకోచోట నాలుగు, మూడో చోట ఒక్క పూట.

"ఎందుకు మానేశావు?"

"ఊరికే టీచర్."

ఆ "ఊరికే" వెనక ఏముందో తెలుసుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇదంతా రాస్తున్నది దాని కోసమే. కుర్రాళ్ళ పేర్లు రాయడం లేదు, వాళ్ళ బతుకులు వాళ్ళవి.

సర్వేల్లో ఇలాంటివాళ్ళని చదువులోనూ, పనిలోనూ, శిక్షణలోనూ లేనివాళ్ళని లెక్కేస్తారు. మన దేశంలో 15 నించి 29 ఏళ్ళ మధ్యవాళ్ళని ఆ లెక్కలోకి తీసుకుంటారు. వీధిలో మాత్రం వీళ్ళకి ఒకటే మాట, "బలాదూర్". ఆ మాట విని విని వాళ్ళు కూడా అదే నిజమనుకుంటున్నారు. నాకు కోపం వచ్చింది ఆ మాట మీదే.

ముందుగా నాకు తోచిన పని చేశాను. గాజువాక ఆటోనగర్ వెళ్ళి షెడ్డు షెడ్డూ తిరిగాను. లేతు మిషన్లు, లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఫ్యాబ్రికేషన్, మోటారు వైండింగ్ అన్నీ అక్కడే ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట. "మనుషులు దొరకడం లేదమ్మా, బీహార్ నించి తెచ్చుకుంటున్నాం. లోకల్ కుర్రాళ్ళు నిలవరు." ఇక్కడ కల్వర్టు మీద పని లేక కూర్చున్నవాళ్ళు, అక్కడ ఎన్ఏడీ జంక్షన్ దాటి గంటసేపు బస్సులో వెళితే మనుషులు లేక మూలపడిన మిషన్లు. ఈ రెండింటినీ కలిపేస్తే సరిపోతుందనుకుని ఒకేరోజు నలుగురిని ఒక షెడ్డులో చేర్పించాను. పదకొండో రోజుకి ఒక్కడూ మిగల్లేదు. యజమాని ఫోన్ చేసి, "నేను ముందే చెప్పానుగా టీచరమ్మా" అన్నాడు.

నలుగురి ఇళ్ళకీ వెళ్ళాను. మొదటివాడి ఇంట్లో వాళ్ళమ్మ ఉంది, రెండిళ్ళలో పనిచేస్తుంది. "మానీమని నానే సెప్పానమ్మా. రోజూ బస్సుకి డబ్బులియ్యమంటాడు, నాకెక్కడివి?" అంది. అక్కడే కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. మూడో తారీఖున చేరాడు. జీతం ఇచ్చేది వచ్చే నెల పదిన. బస్సుకీ టీకీ కలిపి రోజుకి 80 రూపాయలు వేసుకున్నా, మధ్యలో వచ్చే ముప్పై మూడు పనిరోజులకి 2640. జీతం రావాలంటే ముందు అంత పెట్టుబడి కావాలన్నమాట! ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవడం వాడికి నామోషీ. అందుకని "ఊరికే" అన్నాడు.

రెండోవాడిని అందరి ముందూ "పదో తరగతి పాసై టేపు చూడ్డం రాదా" అని మేస్త్రీ అన్నాడట. మూడోవాడికి గతంలో ఒక ఏజెంటు ఉద్యోగం ఇప్పిస్తానని అయిదు వేలు డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యాడు. ఈ షెడ్డులో ఆధార్ జిరాక్సు అడిగేసరికి మళ్ళీ అదే మోసమని హడలిపోయాడు.

నాలుగోవాడి సంగతి కొంచెం విడిగా చెప్పాలి. నేను మొదట చూసిన రికార్డు బుక్కు కుర్రాడే వాడు. వెల్డింగు చేస్తుంటే అద్దం అడ్డం పెట్టుకోకుండా చూశాడు. కొత్తవాళ్ళందరూ చేసే పనే. ఆ వెలుగు చూడబుద్ధేస్తుంది. అప్పటికప్పుడు ఏమీ తెలీదు. రాత్రి పన్నెండు దాటాక కళ్ళల్లో ఇసక పోసినట్టు మొదలైంది, నీళ్ళు ధారగా కారాయి, తెల్లారేసరికి రెప్పలు తెరవలేకపోయాడు. చూపు పోయిందనే అనుకున్నాడు వాడు. ఇంట్లో చెబితే పని మాన్పిస్తారు, షెడ్డుకి ఫోన్ చెయ్యడానికి భయం. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. షెడ్డులో ఏమో "చూశారా, ఈడూ మానేశాడు" అనుకున్నారు.

దీన్ని పనివాళ్ళు "ఆర్క్ కొట్టింది" అంటారు. వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు మీది పొరని కాలుస్తాయి. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది, ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే చాలు. అతినీలలోహిత కిరణాల పాఠం వాడికి చెప్పింది నేనే. పరీక్షలో మార్కుల కోసం చెప్పాను గానీ, ఇలా కళ్ళమీదికి వస్తుందని ఒక్కసారీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఎవరో ఒకరు "ఇవాళ ఎలా గడిచిందిరా" అని ఫోన్ చేసి ఉంటే వాడు మూడో రోజు మళ్ళీ షెడ్డులో ఉండేవాడు. యజమానికి ఆ ఒక్క ముక్కా తెలిసుంటే తనే కళ్ళల్లో వేసే చుక్కలు కొనిపెట్టేవాడు, మనిషి చెడ్డవాడేం కాదు.

ఉద్యోగం చూపించడంతో నా పని అయిపోయిందనుకున్నాను, పొరపాటు నాదే. చేరిన రోజుకీ మొదటి జీతానికీ మధ్య నలభై రోజులుంటాయి. కుర్రాళ్ళు జారిపోయేది అక్కడ.

అప్పట్నించీ రెండువైపులా మాట తీసుకోవడం మొదలుపెట్టాను. యజమానుల్ని మూడు అడిగేదాన్ని. మొదటి రెండు నెలలూ జీతం వారం వారం ఇవ్వండి, కనీసం బస్సు ఖర్చైనా. తప్పు చేస్తే పక్కకి పిలిచి చెప్పండి. రాకపోతే తీసేసే ముందు నాకొక ఫోన్ చెయ్యండి. పద్నాలుగు మందిని అడిగితే అయిదుగురు ఒప్పుకున్నారు. వారం జీతం అనగానే చాలామంది, "డబ్బు చేతిలో పడితే రాడమ్మా" అన్నారు. ఒప్పుకున్న అయిదుగురి దగ్గరా అలా జరగలేదు.

కుర్రాళ్ళకి ఒక్కొక్కరికి ఒక తోడు మనిషిని పెట్టాలనిపించింది. మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళలో సగంమంది షిప్‌యార్డులోనో, స్టీల్ ప్లాంటులోనో, డాక్‌యార్డులోనో చేసి రిటైరైనవాళ్ళే. ఈ ఊరికున్న అదృష్టం అది. సాయంత్రం ఒక ఫోను, ఆదివారం ఒక గంట ఇస్తారా అని అడిగాను. షిప్‌యార్డులో వెల్డరుగా చేసిన ఒకాయన అందరికంటే ముందు సరేనన్నారు. ఆర్క్ కొట్టిన కుర్రాడిని ఆయనకే అప్పగించాను.

ఆయన వాడిని మొదటి ఆదివారం సింధియాలో ఉన్న షిప్‌యార్డు దగ్గరికి తీసుకెళ్ళి, గోడ బయట నిలబెట్టి క్రేన్లు చూపించారట. ఈ చోటుకి ఆ పేరు ఒక ఓడల కంపెనీ నించి వచ్చిందనీ, స్వతంత్రం వచ్చాక 1948లో జలఉష అనే ఓడని ఇక్కడే నీళ్ళలోకి దింపారనీ, నెహ్రూ గారు వచ్చారనీ చెప్పారు. "ఈ ఊరు వెల్డర్లు కట్టిన ఊరురా" అన్నారట. ఆ తర్వాతే రాడ్డు చేతికిచ్చారు. చప్పుడు వినమన్నారు. ఆర్క్, అంటే రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య వెలిగే మెరుపు, సరిగ్గా ఉంటే బజ్జీలు వేగుతున్నట్టు ఒకే తీరుగా వినిపిస్తుంది. దూరం ఎక్కువైతే ఉఫ్ ఉఫ్ మంటుంది, దగ్గరైతే రాడ్డు అతుక్కుపోతుంది. కుర్రాడు అదే షెడ్డుకి తిరిగి వెళ్ళాడు. మేస్త్రీతో ముందు ఆయనే మాట్లాడారు. ఇద్దరు వెల్డర్లు మాట్లాడుకుంటే నేను గంటసేపు చెప్పేది రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పద్దెనిమిది నిండనివాళ్ళు ఇద్దరొచ్చారు. వాళ్ళని షెడ్డులకి పంపలేదు, పంపకూడదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాను.

కాయితాల గొడవ ఇంకొకటి. అరవై మంది పనిచేసే ఒక యూనిట్‌లో ఒక కుర్రాడిని అప్రెంటిస్‌గా, అంటే పని నేర్చుకునేవాడిగా, తీసుకోమని అడిగాను. అప్రెంటిసుల చట్టం 1961 నాటిది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం ముప్పైమంది గానీ అంతకు పైబడి గానీ పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నించి పదిహేను శాతం దాకా అప్రెంటిసుల్ని తీసుకోవాల్సిందే. నలుగురి నించి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నవాళ్ళకి అది వాళ్ళ ఇష్టం. 2016లో వచ్చిన కేంద్ర పథకం కింద స్టైపెండులో పాతిక శాతం, నెలకి 1500 మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. అక్కడి ఆఫీసాయన ఐటీఐ చదివినవాళ్ళనే తీసుకోవాలేమో అనుకున్నారు. బడి చదువుతో ఆగినవాళ్ళనీ తీసుకోవచ్చని నిబంధన ప్రింటు తీసి చూపించాను. మంచి మనిషి, కూర్చుని చదివి సరేనన్నారు.

తీరా అప్రెంటిసుల పోర్టల్లో పేరు ఎక్కించబోతే కుర్రాడి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి ఒకటి, పదో తరగతి మెమోలో జూన్. చిన్నప్పుడు ఆధార్ తీసేటప్పుడు తారీఖు తెలీక ఎవరో జనవరి ఒకటి వేసేశారు. మీ ఇంట్లో కుర్రాళ్ళుంటే ఇది ముందే చూసుకోండి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి మెమో గానీ జనన ధృవీకరణ గానీ చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. మొదటిసారి ఒరిజినల్ లేదని తిప్పి పంపారు, రెండోసారి సర్వర్ పనిచెయ్యలేదు. మళ్ళీ వెళ్ళాల్సొచ్చినప్పుడల్లా వాడి మొహం చూస్తే తెలిసేది, "ఇది కూడా అవ్వదు" అనుకుంటున్నాడని. అందుకని ప్రతిసారీ వెంట వెళ్ళాను. అయిదు వారాలకి పని పూర్తయింది.

ఒక అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను. ఇంటర్ మధ్యలో ఆపేసింది, ఇంట్లో ఉంటోంది. మోటారు వైండింగు షాపులో చేరతానంటే వాళ్ళమ్మ, "మగాళ్ళ మధ్యన ఎలాగమ్మా" అంది. ఆ షాపు పెద్దాయన భార్య అక్కడే కూర్చుని కాయిళ్ళు చుడుతుంది. తల్లిని తీసుకెళ్ళి ఆవిడని చూపించాను, భయం తగ్గింది. కాలిపోయిన మోటారు వస్తే పాత తీగ లాగి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, గేజితో తీగ మందం కొలిచి, అచ్చం అలాగే కొత్తది చుట్టాలి. చుట్లు తగ్గితే మోటారు వేడెక్కి మళ్ళీ కాలిపోతుంది. ఇన్నేళ్ళూ పెద్దాయన ఆ లెక్కలు అట్టముక్కల మీద రాసి పారేసేవాడు. అదే కంపెనీ మోటారు మళ్ళీ వస్తే మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టడమే. చేరిన ఆరో రోజున ఈ పిల్ల ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, గళ్ళు గీసి, మోటారు పేరు, హార్స్ పవర్, తీగ కూర్చునే గాళ్ళ సంఖ్య, చుట్లు, తీగ గేజి అన్నీ వరసగా రాయడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి పెద్దాయన నాకు ఫోన్ చేసి, "ఇలాంటి పిల్ల ఇంకొకర్తె ఉందా అమ్మా?" అన్నాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

అందరూ నిలవలేదు. ఇప్పటికి పదకొండు మందిని చేర్పిస్తే ఏడుగురు పనిలో ఉన్నారు. ఇద్దరు వేరే పని చూసుకున్నారు, ఒకడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఇంకొకడు ఫోన్ ఎత్తడం లేదు. వాడికి వారానికోసారి చేస్తూనే ఉన్నాను. ఎత్తకపోయినా నంబరు బ్లాక్ చెయ్యలేదు, రింగవుతోంది.

రికార్డు బుక్కు కుర్రాడు మొదటి పూర్తి జీతం తీసుకున్నరోజు మా ఇంటికొచ్చాడు. చేతిలో ఒక డజను అరటిపళ్ళు. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే ఉండి, "టీచర్, కొత్తగా ఎవడైనా సేరితే నాకు సెప్పండి. అద్దం పెట్టుకోకుండా సూడొద్దని ముందురోజే సెప్తాను" అన్నాడు.

సోమవారం ఇద్దరు చేరుతున్నారు. ఒకడిని వాడికే అప్పగించాను. ఇంకొకడికి తొమ్మిదో నంబరు సేఫ్టీ బూట్లు కావాలి, రేపు గాజువాక వెళ్ళి చూడాలి.