చదువుకూ ఒక పద్దు

ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని అంకె పెట్టుకోవడం ఈమధ్య చాలామందికి అలవాటైంది. అంకెను నేను తప్పుపట్టను గానీ, పుస్తకాల సంఖ్య ఒక్కటే కొలతైతే చెయ్యి మనకు తెలియకుండానే అలమరలోని సన్నని పుస్తకాల వైపు పోతుంది. పద్దెనిమిది పర్వాల మహాభారతానికీ, కడపలో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగేలోగా ముగిసిపోయే నవలికకూ ఒకే గీత గీసే లెక్క ఎవరికి పనికొస్తుంది?

అందువల్ల నేను పుటలను లెక్కపెడతాను. రోజుకు 20 పుటల చొప్పున 300 రోజులు చదివితే 6,000 పుటలవుతాయి. పుస్తకానికి సగటున 200 పుటలనుకుంటే అవి 30 పుస్తకాలకు సమానం. మిగిలిన 65 రోజులను పెళ్ళిళ్ళకూ, జ్వరాలకూ, ఊరి ప్రయాణాలకూ ముందే వదిలేస్తాను. నా చదువు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. దీనికి కారణం భక్తి కాదు. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులోనూ, విజయవాడది జనవరి మొదట్లోనూ జరుగుతాయి కాబట్టి, అక్కడ కొన్నవాటికి అట్టలు వేసి, వేటిని ముందు చదవాలో తేల్చుకునేసరికి ఫాల్గుణం వచ్చేస్తుంది. అయితే ఉగాది వెంటే ఎండలు కూడా వస్తాయి. కడప వేసవి తెలిసినవారెవరూ మే నెలకు డిసెంబరుతో సమానంగా వాటా వేయరు. ఎండలు ముదిరే రెండు నెలలూ సగం చదివినా నాకు చాలు.

పుటల కొలత పద్యానికి మాత్రం చెల్లదు. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన సి.పి. బ్రౌన్, మా కడపలోని తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను నియమించి, ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు రాతప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లె స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పాఠాంతరాల దగ్గర ఆగి, అన్వయం కుదిరేదాకా ముందుకు కదలని అటువంటి చదువును గంటకెన్ని పుటలని అడగడం అన్యాయం. అందుకని పద్యకావ్యమైతే రోజుకు ఐదు పద్యాలు, కథా సంపుటమైతే రోజుకు ఒక కథ అని వేరుగా రాసుకుంటాను. మంచి కథల సంపుటాన్ని ఏకబిగిన చదివేయడం, నా దృష్టిలో, ఆ రచయితకు చేసే అపకారమే.

ఇదంతా కిరాణా కొట్లలో వాడే పొడవాటి పద్దు పుస్తకంలో ఉంటుంది. ఫోనులో ఇందుకు యాప్‌లున్నా, పాత తెలుగు ముద్రణల వివరాలు వాటిలో చాలాసార్లు దొరకవు. తేదీ, పుస్తకం పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఒక వాక్యం అని నాలుగు గడులు గీసుకున్నాను. అసలు విలువ ఆ చివరి గడిదే. "112 దాకా. పెద్దకొడుకు ఊరిడిసి పోయినాక కథ నడక పడిపోయింది. ఇంక చాలు" అన్న ఒక్క పెన్సిలు రాత, యాప్‌లలో పుస్తకానికి ఇచ్చే నక్షత్రాల గుర్తులు చెప్పలేని సంగతిని ఎన్నాళ్ళ తర్వాతైనా చెబుతుంది. అలా మధ్యలో వదిలేసిన పుస్తకంలోని 112 పుటలూ మొత్తంలో చేరతాయి, ఎందుకంటే వాటిని నిజంగానే చదివాను. వదిలేసినవి లెక్కకు రావన్న నియమం పెట్టుకుంటే, అంకె కోసం చెడ్డ పుస్తకాన్ని చివరిదాకా ఈడ్వవలసి వస్తుంది.

దసరా సెలవుల్లో కూడిక వేస్తాను. వెనకబడితే రోజు వాటాను పెంచకుండా ఏడాది లక్ష్యాన్నే 5,000 పుటలకు తగ్గిస్తాను. రోజుకు 40 పుటలని పెంచినవారు కార్తీకం వెళ్ళకముందే పద్దు మూసేయడం నేను చూస్తూనే ఉన్నాను. కూడిక వేసే రోజున మొత్తంకన్నా పుస్తకాల రకాలను ఎక్కువ శ్రద్ధగా చూస్తాను. ఆరు నెలలూ నవలలే నిండి వ్యాసాలు ఒక్కటీ కనిపించకపోతే, తర్వాతి రెండు పుస్తకాలు విమర్శ నుంచో చరిత్ర నుంచో తీస్తాను. గ్రంథాలయం నుంచి తెచ్చినవి మాత్రం ఈ వరసలకు లొంగవు. తిరిగివ్వవలసిన తేదీని పేరు పక్కనే ఎర్ర సిరాతో రాసి, వాటినే ముందు పూర్తిచేస్తాను.